సుద్దగీతకు అవతల

ఆవిడ అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకు తెలిసుండాలి. మిగతా లోకానికంతా ఆవిడ జనాభా టీచర్. సాంఘికశాస్త్రం అంటే బోలెడుంది కదా. రాజులున్నారు, యుద్ధాలున్నాయి, నదులున్నాయి. అవన్నీ ఆవిడా అందరిలాగే చెప్పేది, పిల్లలూ అందరి క్లాసుల్లో ఆవలించినట్టే ఆవలించేవాళ్ళు. కానీ ఏడో తరగతిలో జనాభా పాఠం వచ్చిందంటే మాత్రం పక్క క్లాసు పిల్లలు కూడా కిటికీలకు వేలాడేవాళ్ళు. ఎందుకంటే ఆ పాఠం ఆవిడ చెప్పదు, ఆడిస్తుంది.

బెంచీలన్నీ గోడలకు జరిపించి, గది మధ్యలో సుద్దముక్కతో పెద్ద నలుచదరం గీస్తుంది. గీత కొంచెం వంకర పోయినా చెరిపి మళ్ళీ గీస్తుంది. ఆ చదరమే భూమి. మధ్యలో ఒక స్టీలు బిందె నిండా నీళ్ళు, పక్కన గ్లాసులు. ముందు ఇద్దరు పిల్లలు లోపలికి వెళ్ళి నిలబడతారు. వాళ్ళకేం, కాళ్ళు బార్లా చాపుకుని కూర్చున్నా అడిగే దిక్కు లేదు. టీచర్ చప్పట్లు కొడుతుంది. ఇద్దరు నలుగురవుతారు. మళ్ళీ చప్పట్లు, ఎనిమిది మంది. మళ్ళీ చప్పట్లు, పదహారు. చప్పట్లు కొట్టిన ప్రతిసారీ లోపలున్నవాళ్ళు తలో గ్లాసు నీళ్ళు తాగాలి, తలో కాగితం ఉండచుట్టి కింద పడేయాలి. ముప్పై రెండుకొచ్చేసరికి భుజాలు భుజాలు రాసుకుంటాయి. కాళ్ళ కింద చెత్త. బిందె అడుగున గ్లాసులు గీరుకుంటున్న చప్పుడు. అప్పుడు టీచర్ గీత బయట నిలబడి నింపాదిగా అడుగుతుంది.

"ఇంకోసారి చప్పట్లు కొట్టమంటారా?"

వద్దు టీచర్, వద్దు అని ఒకటే గోల. నవ్వుతూనే అరుస్తారు కానీ ఆ నవ్వులో కాస్త బెదురు ఉంటుంది. ఆ బెదురు కోసమే ఆవిడ ఇన్నేళ్ళుగా సుద్దముక్కలు అరగదీసింది. ఆ తర్వాత ఆవిడ రెండు చేతులూ పైకెత్తి, "ఆట అయిపోయింది. ఇక అందరూ మామూలు మనుషులైపోండి," అంటుంది. పిల్లలు గీతను కాళ్ళతో రుద్ది రుద్ది చెరిపేస్తారు. భూమి పోతుంది, క్లాసు మిగులుతుంది.

క్లాసులో ముప్పై రెండుకు మించి పిల్లలుంటే ఆ మిగిలినవాళ్ళకు ఏదో ఒక పని అప్పజెప్పేది. ఒకరికి బిందె నింపే పని, ఒకరికి చెత్త ఎత్తే పని. ఒట్టినే గోడకు చేరగిలబడి నిలబడే పిల్లంటూ ఉండకూడదని ఆవిడ పట్టుదల. ఆ పట్టుదల ఒకే ఒక్కసారి సడలింది. ఈ కథంతా దాని గురించే.

ఆవిడకు పిల్లల్లేరు. పాఠం చెప్పడమే కాదు, పాటించింది కూడా అని స్టాఫ్‌రూములో ఎవరో జోకు పుట్టించారు. నోటికి హద్దూ అదుపూ లేని మనిషి ప్రతి స్టాఫ్‌రూములోనూ ఒకరుంటారు లెండి. ఆ జోకు ఆవిడ చెవిన పడింది. ఆవిడా నవ్వింది. ఇంటికెళ్ళాక మాత్రం ఆ సాయంత్రం మొగుడితో ఒక్క మాట మాట్లాడలేదు.

ఆయనది నీళ్ళ ఆఫీసులో పని. వీధి వీధికీ తిరిగి, పొడుగాటి ఇనుప తాళంతో వాల్వులు తిప్పి నీళ్ళు వదులుతాడు. జనాభా పాఠం మీద ఆయనకో పేచీ ఉంది. ఎప్పుడు ఆ మాట వచ్చినా ఎత్తిపొడవకుండా ఉండలేడు.

"తలలు తలలు అంటావు. నా వాల్వుకు తలలతో ఏం పనే? మేడల వీధిలో ఇంటికి ఇద్దరు కూడా ఉండరు, పైన ట్యాంకులు చూడు, ఏనుగులు ఈదొచ్చు. వెనక వీధిలో ఒక్కో గదిలో అయిదారుగురు, అందరికీ కలిపి రెండు బిందెలు. ఇప్పుడు నీళ్ళు తాగేసిందెవరంటావు?"

"అది వేరే పాఠం."

"అయితే అదెప్పుడు చెబుతావు?"

"పుస్తకంలో లేదు," అనేది ఆవిడ. ఆయన నవ్వి వాల్వు తాళం భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాడు.

ఆ ఏడు ఆవిడ అదృష్టం పండింది. ఏడో తరగతిలో సరిగ్గా ముప్పై రెండు మంది. దేవుడు తూకం వేసి పంపినట్టు. పిల్లల్ని జతల్లో లెక్కపెట్టడం ఆవిడ అలవాటు. రెండు, నాలుగు, ఆరు అంటూ రెండు వేళ్ళు కలిపి గాలిలో పొడుచుకుంటూ పోయేది. ఆ ఏడు లెక్క ఎప్పుడూ నున్నగా వచ్చి ఆగేది, చివర ఎవరూ ఒంటరిగా మిగిలేవాళ్ళు కాదు. ఆవిడకు అదొక సంబరం.

అలాంటి సమయంలో, సగం ఏడు గడిచిపోయాక, ఒక కొత్తమ్మాయి వచ్చి చేరింది. వాళ్ళ నాన్న భవనాలకు రంగులు వేస్తాడు, పని ఎక్కడుంటే కాపురం అక్కడ. సన్నగా, పొడుగ్గా ఉండేది. పిలిస్తే పలికేది, పిలవకపోతే లేదు. బెంచీ మీద నలుగురి పక్కన అయిదోదిగా సర్దుకుంది. ఆ మొదటి వారం ఆవిడ ఆ పిల్లతో మాట్లాడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

జనాభా పాఠం రోజున హెడ్‌మాస్టరు తానే కుర్చీ తెప్పించుకుని వచ్చి కూర్చున్నాడు. పెద్దాయన ముందు ఆట బాగా రావాలని టీచర్‌కు ఆరాటం. చప్పట్లు, చప్పట్లు, చప్పట్లు. ముప్పై రెండు మంది లోపల కిక్కిరిసిపోయారు. కొత్తమ్మాయి ఒక్కతే బయట మిగిలింది. ఆట తెలియదు కదా, తన వంతు కూడా వచ్చిందనుకుని లోపలికి ఒక కాలు ఎత్తింది.

"ఆగాగు అమ్మాయీ," అంది టీచర్. "నువ్వు ఎక్కువయ్యావు. భూమ్మీద చోటైపోయింది."

హెడ్‌మాస్టరు బొజ్జ కదిలేలా నవ్వాడు. ఆయన నవ్వాడని క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల ఎత్తిన కాలిని గీతకు తగలకుండా జాగ్రత్తగా వెనక్కి తీసుకుంది. వెళ్ళి తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడింది. ఆమెకు ఏదో పని చెప్పాలని టీచర్ అనుకుంది. అనుకుంటూ ఉండగానే హెడ్‌మాస్టరు లేచి, పాఠమంటే ఇలా ఉండాలని ఉపన్యాసం ఎత్తుకున్నాడు. గంట మోగింది. పిల్లలు గీత మీదుగా బయటికి పరుగు తీశారు. ఆట అయిపోయిందని ఆ రోజు ఎవరూ చెప్పలేదు. నేల మీది సుద్దను తర్వాత ఆయా తడిగుడ్డతో తుడిచేసింది.

మర్నాడు జతల లెక్క నున్నగా వచ్చి ఆగింది.

"కొత్తమ్మాయి రాలేదా?" అని అడిగింది టీచర్.

"ఏ కొత్తమ్మాయి టీచర్?" అన్నారు ముందు బెంచీ వాళ్ళు.

తుంటరి వెధవలు, ఆట పట్టిస్తున్నారనుకుని ఆవిడ బోర్డు వైపు తిరిగింది. తేదీ రాసి మళ్ళీ ఇటు తిరిగేసరికి తలుపు పక్క గోడ దగ్గర ఆ పిల్ల నిలబడి ఉంది. సంచీ భుజానికే ఉంది.

"ఎప్పుడొచ్చావు?"

"అందరికంటే ముందొచ్చాను టీచర్."

"మరి కూర్చో."

ఆ పిల్ల వెళ్ళి చివరి బెంచీ అంచున కూర్చుంది. పక్కవాళ్ళు జరగలేదు. జరగకూడదని కాదు, ఎవరో వచ్చి కూర్చున్నారన్న ధ్యాసే వాళ్ళకు లేదు. అరచేయంత చోటులో ఆ పిల్ల అలా సర్దుకుని కూర్చోవడం టీచర్ చూసింది.  

మొదట్లో పిల్లలు ఆ అమ్మాయికి 'ఎక్కువ' అని పేరు పెట్టారు. ఎక్కువొచ్చింది, ఎక్కువెళ్ళింది అని వెక్కిరించేవాళ్ళు. టీచర్ ఇద్దరి చెవులు మెలిపెట్టింది కూడా. నాలుగు రోజులు తిరిగేసరికి అదీ ఆగిపోయింది. వెక్కిరించేవాళ్ళు ఉన్నంతసేపు మనిషి ఉన్నట్టే కదా. ఇప్పుడు వెక్కిరించడానికి కూడా ఎవరూ అటు చూడటం లేదు. స్టాఫ్‌రూము కిటికీలోంచి టీచర్ ఒక మధ్యాహ్నం చూసింది. ఆ పిల్ల ఆటస్థలం నడిమధ్యన నిలబడి ఉంది. పిల్లలు అరుచుకుంటూ నేరుగా ఆమె మీదికే పరుగెత్తుకొచ్చి, తగలకుండా రెండుగా చీలి, దాటాక మళ్ళీ కలిసిపోతున్నారు. ఒక్కరూ తల తిప్పి చూడటం లేదు. ఒక్కరి పరుగూ నెమ్మదించడం లేదు.

ఆ సాయంత్రం ఆయా వచ్చి గుమ్మం దగ్గర నసిగింది.

"టీచరమ్మా, చెబితే నవ్వుతారేమో. మీ గదిలో తలుపు పక్కన ఊడుస్తుంటే చీపురు దేనికో తగిలి ఆగుతోంది. వంగి చూస్తే ఏమీ లేదు."

"నేల ఎత్తుపల్లాలుగా ఉందేమో."

"పాదాలకు తగిలినట్టు ఆగుతోందమ్మా. రేపట్నుంచి ఆ మూల నేను ఊడవను, ఏమనుకోకండి."

టీచర్ నవ్వలేదు. హెడ్‌మాస్టరు దగ్గరికి వెళ్ళి, మా క్లాసులో కొత్తగా చేరిన అమ్మాయి సంగతి మాట్లాడాలండీ అంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మీ క్లాసు ముప్పై రెండేగా మేడమ్. ఆటకు సరిగ్గా సరిపోయారని మీరే మురిసిపోయారుగా."

"తర్వాత ఒకమ్మాయి చేరిందండీ. మీరే సంతకం పెట్టారు."

"నేనా?" అని ఆయన కాసేపు గోడ గడియారం వైపు చూశాడు. ముఖంలో ఏదో గుర్తుకు రాబోయి, రాకుండానే వెళ్ళిపోయింది. "లేదే. మీరు అలిసిపోయినట్టున్నారు. రెండ్రోజులు సెలవు పెట్టండి."

ఆవిడ సెలవు పెట్టలేదు. మర్నాడు ఆఖరి గంట మోగి పిల్లలంతా వెళ్ళిపోయాక ఖాళీ క్లాసులో కూర్చుని ఎదురుచూసింది. గది ఖాళీగానే కనబడింది. కానీ చెవి పెట్టి వింటే తలుపు పక్కన ఎవరో మెల్లగా, పొదుపుగా గాలి పీలుస్తున్న చప్పుడు. అటే చూస్తూ కూర్చుంది. చీకట్లోకి వెళ్ళినప్పుడు కళ్ళు అలవాటు పడ్డాక గిన్నెలూ గ్లాసులూ కనబడతాయే, అలా ముందు సంచీ కనబడింది, తర్వాత రెండు కాళ్ళు, తర్వాత పిల్ల. పెదవులు ఎండిపోయి తెల్లగా పగిలి ఉన్నాయి.

"నీళ్ళు తాగావా?"

"లేదు టీచర్."

"ఎందుకు?"

"నా వంతు లేదు కదా." ఆ మాట ఆ పిల్ల ఏడుస్తూ చెప్పలేదు, పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది. "నేను ఎక్కువ కదా టీచర్. అందుకని తక్కువ వాడుతున్నాను. గాలి కూడా కొంచెమే పీలుస్తున్నాను. పెన్సిలు అరగకుండా ఉత్తినే రాస్తున్నాను."

టీచర్ లేచి ఆ పిల్ల దగ్గరికి వచ్చింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తన పాఠాన్ని ఇంత శ్రద్ధగా విన్న పిల్ల ఇంకోరు లేరు.

"అది ఆట అమ్మా. ఒట్టి ఆట."

"అయిపోయిందని మీరు చెప్పలేదు."

ఆవిడ రెండు చేతులూ పైకెత్తింది. ఖాళీ గదిలో, "ఆట అయిపోయింది. ఇక మామూలు మనిషివైపో," అంది. ఆ పిల్ల కాసేపు ఎదురుచూసింది, తనలో ఏమైనా మారుతుందేమోనని. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"నేను ఆటలోకి రాలేదు కదా టీచర్. రాకుండా ఎలా అయిపోతుంది?"

జవాబు చెప్పడానికి టీచర్ నోరు తెరిచేలోగా అక్కడ గోడే ఉంది.

ఆవిడ చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని గబగబా ఆ పిల్ల వాళ్ళుండే వెనక వీధికి నడిచింది. ఆ వీధిలో మొగుడు అప్పుడే వాల్వు తిప్పినట్టున్నాడు, కుళాయి ముందు బిందెల బారు. రంగులేసే ఆయన ఇల్లు ఏదని అడిగితే చూపించారు. ఒకటే గది. కిటికీ కింద కుట్టుమిషను, దాని ముందు ఆ పిల్ల తల్లి. పక్కన చాప మీద ఇద్దరు చిన్నపిల్లలు గుడ్డముక్కలతో ఆడుకుంటున్నారు.

"రండి టీచర్ గారూ. మా పిల్లలింకా బడికి వెళ్ళే ఈడు కాదండీ," అంది తల్లి, లేచి స్టూలు తుడిచి వేస్తూ.

"మీ పెద్దమ్మాయి గురించి వచ్చానమ్మా."

"మాకీ ఇద్దరేనండీ." అంది కానీ ఆ మాట మింగుడు పడనట్టు ఆగింది. "ఇద్దరే," అని మళ్ళీ అంది, తనకు తాను చెప్పుకుంటున్నట్టు.

మూల బల్ల మీద కంచాలు బోర్లించి ఉన్నాయి. నాలుగు. టీచర్ చూపు మిషను మీదికి వెళ్ళింది. సూది కింద నీలం గౌను. పొడుగ్గా, సన్నగా, పన్నెండేళ్ళ పిల్లకు సరిపోయే గౌను.

"ఇదెవరిదమ్మా?"

తల్లి ఆ గౌనును చేతుల్లోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది.

"ఎవరూ కుట్టమనలేదండీ. గుడ్డ మిగిలితే చెయ్యి దానంతట అదే కత్తిరించేస్తోంది, ఈ కొలతకే. ఇది మూడోది." భుజం కుట్టు మీద బొటనవేలితో మెల్లగా నిమిరింది. "కొలత తీసుకోకుండా నేనెప్పుడూ కుట్టను టీచర్ గారూ. ఇది ఎవరి కొలత?"

తల్లి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఎందుకు తిరుగుతున్నాయో ఆవిడకే అర్థం కావడం లేదు. అంతకుమించిన ఘోరం టీచర్ తన జన్మలో చూడలేదు. కన్నతల్లి మరిచిపోయింది, చేతులు మాత్రం మరిచిపోలేదు. ఆ చేతులు కూడా ఇంకెన్నాళ్ళు గుర్తుపెట్టుకుంటాయి?

ఇంటికొచ్చి మొగుడికంతా చెప్పింది. ఆయన ఎప్పుడూ వేళాకోళమాడే మనిషి, ఆ రోజు ఆడలేదు.

"పిల్ల ఎలా ఉంటుంది?" అని మాత్రం అడిగాడు.

చెప్పబోయింది. సన్నగా, పొడుగ్గా. ఆ తర్వాత? జడ ఒకటా, రెండా? ముక్కెలా ఉంటుంది? గంట క్రితం ఎదురుగా నిలబెట్టుకుని మాట్లాడిన పిల్ల ముఖం ఆవిడ మనసులో ఎంత వెతికినా దొరకలేదు. పగిలిన పెదవులు మాత్రం గుర్తున్నాయి. ఆవిడ మంచం పట్టె పట్టుకుని కూర్చుండిపోయింది.

"నేను కూడా మరిచిపోతే ఇక ఆ పిల్ల లేనట్టేనండీ," అంది.

"అయితే రేపే ఏదో ఒకటి చెయ్యి," అన్నాడాయన. "ఎల్లుండి నాకు నువ్వు ఈ మాటలు చెప్పావన్న సంగతి కూడా గుర్తుండకపోవచ్చు."

మర్నాడు ఆవిడ మొదటి గంటలోనే బెంచీలు గోడలకు జరిపించింది. పిల్లలకు సంబరం, ఒకే ఏడు రెండుసార్లు ఆట. చదరం గీసింది. ఈసారి గీత వంకర పోయింది, చెరపలేదు. బిందె పెట్టింది. చప్పట్లు కొట్టింది. ఇద్దరు, నలుగురు, ఎనిమిది, పదహారు, ముప్పై రెండు. నీళ్ళు అడుగంటుతున్నాయి. తలుపు పక్క గోడ దగ్గర ఏమీ లేదు. ఉందని ఆవిడకు తెలుసు, అంతే.

"రామ్మా, లోపలికి రా," అని పిలిచింది.

గోడ వైపునుంచి ఒక గొంతు వచ్చింది, గొంతులో తడి లేదు. "వద్దు టీచర్. నేనొస్తే ఎవరో ఒకరు బయటికి వెళ్ళాలి."

పిల్లలకు ఆ గొంతు వినబడలేదు. టీచర్ గోడతో మాట్లాడుతోందని ఒకరి డొక్కలో ఒకరు పొడుచుకుంటున్నారు. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, చెప్పులు విప్పి, చీరకుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, గీత దాటి లోపలికి వెళ్ళింది. ఇన్నేళ్ళలో ఆవిడ ఆ గీత దాటడం అదే మొదటిసారి. లోపల ఎంత ఉక్కగా ఉందో, పక్కవాడి మోచెయ్యి ఎంత గట్టిగా గుచ్చుకుంటుందో ఆవిడకు అప్పుడు తెలిసింది. జనం పెరిగిపోయారు, జనం తాగేస్తున్నారు, జనం పారేస్తున్నారు అని చెప్పినన్నాళ్ళూ ఆ జనంలో తానుందన్న ఆలోచన ఆవిడకు ఒక్కనాడూ రాలేదు.

"టీచర్, ఊపిరాడటం లేదు," అన్నారు పిల్లలు.

"అయితే ఇప్పుడు ఎవరు ఎక్కువ?"

పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అందరిలోకీ నోరున్న పిల్లాడు చెప్పేశాడు.

"మీరే టీచర్. మీరు లావు కదా."

అందరూ పగలబడి నవ్వారు. ఆవిడా నవ్వింది.

"సరే, ఒప్పుకున్నాను. ఎక్కువ నేనే. నా చోటు ఇంకొకరికి ఇచ్చేస్తున్నాను."

గీత దాటి బయటికొచ్చి గోడ వైపు చెయ్యి చాచింది. చేతిలోకి ఒక చెయ్యి వచ్చింది, చల్లగా, ఎండుటాకంత తేలిగ్గా. దాన్ని వదలకుండా పట్టుకుని నడిపించి, తాను ఖాళీ చేసిన చోట నిలబెట్టింది.

"అబ్బ, నా కాలు తొక్కావే," అంది పక్కనున్న పిల్ల.

"చూసుకోలేదు," అంది కొత్తమ్మాయి.

 ముప్పై రెండు తలలూ అటు తిరిగాయి. ఇన్నాళ్ళూ ఎక్కడికెళ్ళావని ఒకరు, చిక్కిపోయావేంటని ఒకరు. బిందె అడుగున మిగిలిన నీళ్ళు ఎవరో గ్లాసులో వంచి ఇచ్చారు. చాలక, ఇంకొకరు తమ గ్లాసులో సగం కలిపారు. ఆ పిల్ల గటగటా తాగింది. గొంతులోంచి నీళ్ళు దిగుతున్న చప్పుడు గదంతా వినబడింది. టీచర్ తలుపు పక్క గోడకు ఆనుకుని, కొంగుతో కళ్ళు ఒత్తుకుని, మనసారా సంతోషపడింది.

తర్వాత రెండు చేతులూ పైకెత్తింది.

"ఆట అయిపోయింది. ఇక అందరూ మామూలు మనుషులైపోండి."

ఎవరూ తిరగలేదు. మళ్ళీ చెప్పింది, ఈసారి గట్టిగా. చప్పట్లు కొట్టింది. పిల్లలు చదరంలో నిలబడి కబుర్లలో పడ్డారు. ఇంతలో గోల విని హెడ్‌మాస్టరు గుమ్మంలోకి వచ్చాడు.

"ఏంట్రా ఈ సంత? మీ టీచరేరి?"

"ఇంకా రాలేదు సార్," అన్నాడు నోరున్న పిల్లాడు. వాడి ముఖంలో అల్లరి లేదు. నిజమే చెబుతున్నాడు.

"ఇక్కడే ఉన్నాను సార్," అంది ఆవిడ.

ఆయన చూపు ఆవిడ ముఖం మీదినుంచే వెళ్ళి వెనకనున్న గోడ మీద ఆగింది. "ఈ గోడకు సున్నం వేయించాలి," అని తనలో తాను గొణుక్కుని, పిల్లల్ని చప్పుడు చేయొద్దని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆవిడకు మొగుడు గుర్తుకొచ్చాడు. సాయంత్రం ఆయన ఇంటికొచ్చి, ఒక్కడికే కంచం పెట్టుకుని, ఎందుకో తెలియకుండా రెండో కంచం కోసం చెయ్యి చాచి ఆగిపోతాడు. అది తలచుకునేసరికి ఆవిడకు నిజంగా భయం వేసింది. గట్టిగా ఊపిరి పీల్చబోయి, ఎక్కువ పీలుస్తున్నానేమోనని సగంలో ఆపుకుంది. అలా ఆపుకున్నందుకు ఇంకా భయం వేసింది.

చదరంలో కొత్తమ్మాయి గ్లాసు కింద పెట్టింది. పక్కవాళ్ళ కబుర్లు వింటూనే తలుపు పక్క గోడ వైపు తిరిగింది. అక్కడ తాను చాలా రోజులు నిలబడింది కాబట్టి ఎక్కడ చూడాలో ఆ పిల్లకు తెలుసు.

"కొంచెం జరగండి," అంది చుట్టూ ఉన్నవాళ్ళతో.

"ఎక్కడికి జరగమంటావే? చోటెక్కడుంది?"

"టీచర్ రావాలి కదా."

"టీచరేరీ?"

కొత్తమ్మాయి తన పాదాలు రెండూ దగ్గరికి చేర్చి, భుజాలు ముడుచుకుంది. కాలు తొక్కించుకున్న పిల్ల అది చూసి, ఎందుకో తెలియకపోయినా, తానూ కొంచెం ఒదిగింది. ఆమె పక్కవాడు, వాడి వెనకవాడు. గ్లాసులు ఒకదాన్నొకటి తాకి చప్పుడయ్యాయి. చదరం అంచున, గీతకు ఆనుకుని, సన్నటి ఖాళీ ఒకటి తెరుచుకుంది.

కొత్తమ్మాయి ఆ ఖాళీని ఒకసారి, గోడను ఒకసారి చూసింది.

"ఆవిడకు అది చాలదు," అంది. "ఇంకొంచెం."

పిల్లలు ఇంకొంచెం జరిగారు.